మూడో బ్యాటరీ కూడా పడుకుంది: చలికి లేవని ఒక పాత బుల్లెట్ కేసు

బండి 1998 మోడల్ బుల్లెట్ స్టాండర్డ్ 350. కాస్ట్ ఐరన్ ఇంజను, 12 వోల్టుల కరెంటు, ప్లాటినం పాయింట్లు (కాయిల్‌కు కరెంటును కలుపుతూ విడదీస్తూ స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్), కుడికాలికి గేరు, సెల్ఫ్ లేదు. ఏపీ 36 నంబరు, అంటే పాత వరంగల్ జిల్లా రిజిస్ట్రేషనే. ఓనర్ సర్కారు బడి టీచరు, ఇల్లు హన్మకొండలో, బడి ములుగు దాటి లోపలికి, కాబట్టి పోను రాను రోజుకు 100 కిలోమీటర్లకు పైనే తిరుగుతుంది. డిసెంబర్‌లో ఈ బండి నా షెడ్డుకు ట్రాలీ ఆటోలో వచ్చింది. ఇంజను బాగున్న బండిని ట్రాలీలో ఎక్కించి తెచ్చారంటే మనిషి ఎంత విసిగిపోయాడో తెలుస్తుంది.

కంప్లయింట్ ఆయన మాటల్లోనే: "పొద్దుగాల ఎంత కొట్టినా లేస్తలేదు తమ్మీ. కాలనీ పోరగాళ్ళు నూకితే లేస్తది. ఒక్కసారి లేచిందంటే ఇగ సాయంత్రం దాక ఒక్క కిక్కే." ఏడాదిన్నరలో ఇది మూడో బ్యాటరీ. కొత్త ప్లగ్గు, కొత్త ఇగ్నిషన్ కాయిలు (బ్యాటరీ కరెంటును స్పార్క్‌కు సరిపడా పెద్ద వోల్టేజ్‌గా మార్చేది) పడ్డాయి, కార్బురేటర్ కడిగారు. ప్రతిసారీ కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదటికే. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోమని చుట్టాలు చెప్పారట, అదీ అడిగారు.

చలి మొదలైతే ఇలాంటి బళ్ళు నా దగ్గరికి వరసగా వస్తాయి, దాదాపు అన్నింటికీ మొదట బ్యాటరీయే మార్చి ఉంటారు. బ్యాటరీ దిగిపోయింది నిజమే, కానీ అది ఎందుకు దిగిపోతోందో, దానిలో ఉన్న కరెంటైనా కాయిల్ దాకా చేరుతోందో లేదో ఎవరూ మీటర్ (వోల్టులు, ఆంపియర్లు కొలిచే మల్టీమీటర్) పెట్టి చూడరు. ఈ కేసులో ఆ రెండు ప్రశ్నలకూ వేరువేరు జవాబులు దొరికాయి, అందుకే మొత్తం రాస్తున్నాను.

పానా పట్టే ముందు సార్‌ను కూర్చోబెట్టి అడిగాను. రోజూ నడిపినప్పుడు ఎట్లుంటుంది, ఆదివారం నిలబడితే సోమవారం ఎట్లుంటుంది అని. రోజూ నడిపితే కష్టం మీద లేస్తుందట, రెండు మూడు రోజులు వరసగా సెలవులొస్తే మాత్రం నూకాల్సిందే. దసరా సెలవుల తర్వాత అయితే హారన్ కూడా పలకలేదట. తాళం ఆన్‌లో మర్చిపోతారా అంటే లేదన్నారు, తాళంచెవి ఇంటి తాళాలతో కలిపి జేబులోనే ఉంటుందట. ఇది అడగడం అవసరం. పాయింట్ల బుల్లెట్‌లో ఇంజను ఆగినప్పుడు పాయింట్లు ఎక్కువసార్లు మూసుకునే ఉంటాయి, అప్పుడు తాళం ఆన్‌లో ఉంటే కాయిల్ గుండా మూడున్నర ఆంపియర్ల దాకా కరెంటు ఊరికే పోతూనే ఉంటుంది. 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో) బ్యాటరీ అయితే గంటన్నరలోపే ఖాళీ. కాయిల్ కూడా కాలుతుంది.

సార్ చెప్పిన వాటిలో నాకు పనికొచ్చిన మాట ఇంకోటుంది. "రోజు అంత దూరం నడిపిస్తున్న గదా, బ్యాటరీ నిండాలె గదా తమ్మీ?" అన్నారు. సరైన ప్రశ్న. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా మాత్రమే తిరిగే బండి అయితే నిండడానికి టైము చాలలేదు అనుకోవచ్చు. ములుగు దాకా 50 కిలోమీటర్ల దాకా ఆగకుండా పోయే బండికి ఆ సాకు లేదు. మరి బండి మీది ఆంపియర్ మీటర్ (కరెంటు బ్యాటరీలోకి పోతోందో, బయటికి వస్తోందో చూపించేది) ముల్లు ఎటు చూపిస్తుంది అని అడిగితే, అది ఎప్పటి నుంచో వణుకుతూనే ఉంటుంది, పాడైందనుకుని వదిలేశాను అన్నారు. ముల్లు వణికిందంటే ఎక్కడో కరెంటు పట్టు దొరకడం లేదని అర్థం, మీటర్ చెడిందని తేల్చేయడానికి అదొక్కటే చాలదు.

బండిని ఆ రాత్రి షెడ్డులోనే ఉంచాను, రేకుల కింద, బయటి చలి తగిలేలాగ. చలికి స్టార్ట్ కాని బండిని మధ్యాహ్నం ఎండలో చూసి ప్రయోజనం లేదు. ఇంజను వేడి ఉన్నప్పుడు పెట్రోల్ సులువుగా ఆవిరవుతుంది, ఆయిల్ పల్చగా ఉంటుంది, బలహీనమైన స్పార్క్ అయినా సరిపోతుంది. లోపం ఏదైనా సరే దాక్కుంటుంది. తెల్లారి బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ఎవరూ కిక్ కొట్టకముందు మీటర్ పెట్టాలి.

ఇక్కడ చలి గురించి ఒక మాట. మన దగ్గర డిసెంబర్, జనవరిలో వరంగల్‌లో తెల్లారుజామున 12, 13 డిగ్రీలు, అడవి వైపు ఇంకా తక్కువ, ఆదిలాబాద్ దిక్కు అయితే కొన్ని రోజులు సింగిల్ డిజిట్. ఈ చలికి మంచి బ్యాటరీ ఏమీ చావదు. సున్నా డిగ్రీల్లో కూడా లెడ్ యాసిడ్ బ్యాటరీ తన శక్తిలో 80 శాతం దాకా ఇస్తుంది. మన బ్యాటరీలను చంపేది మే నెల. 44, 45 డిగ్రీల ఎండలో, సైడ్ డబ్బాలో, ఇంజను సెగ పక్కన ఉంటే నీళ్ళు ఇగిరిపోతాయి, ప్లేట్లు త్వరగా అరిగిపోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగం అవుతుందని లెక్క. ఎండాకాలంలో దెబ్బతిన్న బ్యాటరీ వానాకాలమంతా ఎలాగో నెట్టుకొస్తుంది, చలిలో మొదటి కిక్కుకు స్పార్క్ బలం కావాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. అందుకే జనం చలిని తిడతారు.

తెల్లారి మీటర్ పెడితే, తాళం ఆఫ్‌లో బ్యాటరీ 12.2 వోల్టులు చూపించింది. నిండిన బ్యాటరీ మీద ఏ లోడూ లేనప్పుడు 12.6 నుంచి 12.8 ఉండాలి, 12.2 అంటే సుమారుగా సగం. సగం ఉన్న బ్యాటరీతో కూడా కిక్ బండి లేవాలి, ఎందుకంటే ఇక్కడ ఇంజను తిప్పేది కాలు, బ్యాటరీ ఇవ్వాల్సింది కాయిల్‌కు మూడు మూడున్నర ఆంపియర్లు మాత్రమే. సెల్ఫ్ మోటారు ఉన్న బండి సంగతి వేరు.

తాళం ఆన్ చేసి, కిక్కర్ మెల్లగా తొక్కి పాయింట్లు మూసుకునే చోట ఇంజను ఆపాను. ఇప్పుడు బ్యాటరీ మీద 11.6. నల్ల ప్రోబ్‌ను ఇంజను బాడీకి పెట్టి ఎర్ర ప్రోబ్‌ను కాయిల్‌కు కరెంటు వచ్చే పిన్ను మీద పెడితే 9.5!

11.6 బయల్దేరితే 9.5 చేరింది. అది కాక మూసుకున్న పాయింట్ల మధ్య ఇంకో 0.3 పోతోంది, అక్కడ 0.2 కంటే తక్కువ ఉండాలి. అంటే కాయిల్‌కు నికరంగా దొరికేది 9.2 వోల్టులు. 12కి 9.2 అంటే పెద్ద తేడా ఏముంది అనిపిస్తుంది కానీ కాయిల్‌లో నిల్వయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు నాలుగో వంతు తగ్గితే స్పార్క్ శక్తి 40 శాతం దాకా తగ్గిపోతుంది. కొత్త కాయిల్ వేసినా, కొత్త ప్లగ్గు వేసినా ఎందుకు బాగుపడలేదో ఇక్కడే తేలిపోయింది.

సార్‌కు నేను చెప్పింది ఇదే: ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫుల్ వోల్టేజ్ ఉన్నా లైన్ చివరి బావి మీద మోటారు లేవదు చూశారా, మీ బండిలో కాయిల్ ఆ చివరి బావి మోటారు. ఆయనకు ఊళ్ళో వ్యవసాయం ఉంది, మళ్ళీ అడగలేదు.

చాలామంది ప్లగ్గు విప్పి, ఇంజనుకు ఆనించి కిక్ కొట్టి, "కరెంటు వస్తుంది కదా" అని వదిలేస్తారు. బయట గాలిలో దూకే స్పార్క్‌ను నమ్మకండి. సిలిండర్‌లో గాలి నొక్కుకుని ఉన్నప్పుడు అదే గ్యాప్ దాటడానికి చాలా ఎక్కువ వోల్టేజ్ కావాలి. ఈ బండిలో కూడా బయట స్పార్క్ కనపడింది, సన్నగా ఎర్రగా ఉంది. గట్టి స్పార్క్ నీలంగా ఉంటుంది, చిటుక్కున శబ్దం వినిపిస్తుంది. కిక్కులు కొట్టి ఆపాక ప్లగ్గు పెట్రోల్‌తో తడిసి ఉంది, అంటే పెట్రోల్ అందుతోంది, అంటుకోవడమే లేదు. కార్బురేటర్ మీద అనుమానం అక్కడితో పక్కన పెట్టాను. నూకితే లేవడానికి కూడా కారణం కొంత ఇదే. నూకినప్పుడు ఇంజను వేగంగా తిరుగుతుంది, ఆల్టర్నేటర్ (ఇంజను తిరిగితే కరెంటు తయారుచేసేది) కూడా కాస్త కరెంటు ఇస్తుంది, కాయిల్‌కు ఆ సాయం దొరుకుతుంది.

ఇక ఆ రెండు వోల్టులు ఎక్కడ పోతున్నాయో వెతకడం. దీనికి వైర్లు కోయాల్సిన పని లేదు. తాళం ఆన్‌లో, పాయింట్లు మూసి, కరెంటు పారుతుండగా మీటర్ రెండు ప్రోబ్‌లను ఒకే దారిలోని రెండు చివర్లకు పెడుతూ పోవాలి. బాగున్న జాయింటు మీద మీటర్ దాదాపు సున్నా చూపిస్తుంది. ఎక్కడ వోల్టులు కనపడితే అక్కడ కరెంటు ఇరుక్కుంటోంది. ఫ్యూజ్ హోల్డర్ మీద 0.4. ఆంపియర్ మీటర్ వెనక నట్ల దగ్గర 0.3. తాళం స్విచ్ లోపల ఏకంగా 1.1. మిగతా వైర్లలో అంతా కలిపి 0.1. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజను బాడీకి ఎర్త్ దారిలో 0.2. కూడితే 2.1, లెక్క సరిగ్గా సరిపోయింది. పాతికేళ్ళు దాటిన వైరింగ్‌లో లోపం ఒకే చోట ఉండాలని ఏమీ లేదు, ఇలాగే నాలుగు చోట్ల నాలుగు చెంచాలు కారిపోతుంది. కంటితో చూస్తే ఒక్కటీ కనపడదు. అందుకే ఓమ్స్ రేంజ్‌లో పెట్టి కూత కూసింది కాబట్టి వైరు బాగుంది అనుకోకూడదు, ఒకే ఒక్క తీగ పోగు మిగిలినా మీటర్ కూస్తుంది, మూడు ఆంపియర్లు మాత్రం దాని గుండా సాఫీగా పోతాయన్న నమ్మకం లేదు.

స్విచ్ విప్పితే లోపల ఇత్తడి కాంటాక్టులు నల్లగా మాడి, గుంటలు పడి ఉన్నాయి. బజారులో కొత్త స్విచ్‌లు దొరుకుతాయి కానీ డూప్లికేట్‌వి ఎక్కువ, రేకు పల్చగా ఉండి రెండో చలికాలానికి మళ్ళీ ఇదే కథ. పాతదాని ఇత్తడి మందంగా ఉంది, సన్నని ఎమరీ పేపర్‌తో రుద్ది, స్ప్రింగ్ కాస్త లాగి, వాసెలిన్ పలచగా రాసి అదే బిగించాను. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి కాయిల్‌కు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వొచ్చు, కొందరు అలా చేస్తారు, పద్ధతి మంచిదే. ఈ బండి మాత్రం పస్రా, తాడ్వాయి వైపు అడవి రోడ్ల మీద కూడా తిరుగుతుందట. అక్కడ ఆగితే సార్ తనంతట తాను చూసుకోగలిగేలా ఉండాలి, చెడిపోయే సామాను ఇంకోటి ఎందుకు పెంచాలి అని వద్దనుకున్నాను.

ఫ్యూజ్ హోల్డర్‌కు పచ్చగా చిలుము పట్టింది, కొత్తది వేశాను. ఆంపియర్ మీటర్ నట్లు విప్పి, వాషర్లు శుభ్రం చేసి బిగించేసరికి ముల్లు వణకడం ఆగింది. ఎర్త్ వైరు కింద ఫ్రేమ్ మీద పెయింటు, జంగు ఉన్నాయి, లోహం మెరిసే దాకా గీకి బిగించాను. పాయింట్ల గ్యాప్ 0.25 మిల్లీమీటర్లకు కుంచించుకుపోయింది, 0.35 నుంచి 0.40 మధ్య ఉండాలి. పాయింట్ల ముఖాలు బూడిద రంగులో ఉన్నాయి, నీలంగా కాలిన గుర్తులు లేవు, కాబట్టి కండెన్సర్ (పాయింట్లు విడిపోయేటప్పుడు అవి కాలకుండా కాపాడేది) బాగున్నట్టే. రుద్ది, కార్బురేటర్ క్లీనర్‌తో కడిగి, 0.38 పెట్టాను. గ్యాప్ మారిస్తే టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) కూడా మారుతుంది, కాబట్టి అదీ మళ్ళీ సరిచూడాలి, ఈ పని చాలామంది వదిలేస్తారు. ప్లగ్గు గ్యాప్ 0.8 దాకా తెరుచుకుని ఉంటే 0.6కు తెచ్చాను. పాయింట్ల బండికి గ్యాప్ ఎక్కువ పెడితే చలిలో ఆ మేరకు కష్టం.

మళ్ళీ మీటర్. బ్యాటరీ మీద 11.7, కాయిల్ దగ్గర 11.3.

బ్యాటరీని కావాలనే చార్జ్ చేయలేదు. సగం దిగిన అదే బ్యాటరీతో, మరుసటి రోజు తెల్లారుజామున, సార్ ముందే కిక్ కొట్టాను. రెండో కిక్కుకు లేచింది. సార్ నమ్మలేదు, ఆపమని, చల్లబడే దాకా ఉండి మళ్ళీ తానే కొట్టి చూసుకున్నారు. బ్యాటరీ మార్చి ఇదే పని చేసి ఉంటే ఏది బాగుచేసిందో నాకూ తెలిసేది కాదు, ఆయనకూ తెలిసేది కాదు. మెకానిక్‌లకు నా విన్నపం ఒక్కటే, ఒకేసారి అన్నీ మార్చకండి, మార్చిన ప్రతిదాని తర్వాత బండి ఏం చెప్తుందో చూడండి. కస్టమర్ తొందర పెడతాడు, నిజమే. కానీ తిరిగి తిరిగి వచ్చే బండి వల్ల పోయేది మన పేరు.

స్టార్టింగ్ అయితే తేలింది. బ్యాటరీ ఎందుకు సగానికి దిగిపోతోందన్నది ఇంకా ఉంది, అది వదిలేస్తే నాలుగో బ్యాటరీ కూడా పోతుంది.

ఇంజను నడుపుతూ, రోడ్డు మీద వెళ్ళేంత రేజ్‌లో బ్యాటరీ మీద చూస్తే 13.1. హెడ్‌లైట్ వేస్తే 12.4కు పడిపోయింది, ఆంపియర్ మీటర్ ముల్లు మైనస్ వైపుకు పోయింది. లైటు లేకుండా 13.8 నుంచి 14.5 మధ్య, లైటు వేసినా 13కు పైన ఉండాలి. సార్ చలికాలం పొద్దున మంచులో లైటు వేసుకునే పోతారు, సాయంత్రం చీకటి పడ్డాక లైటుతోనే వస్తారు. అంటే 100 కిలోమీటర్లు నడిచిన కొద్దీ బ్యాటరీ ఇంకా దిగుతోంది. 35 వాట్ల హెడ్‌లైట్ ఒక్కటే మూడు ఆంపియర్లు లాగుతుంది. చెయిన్ కేసు నుంచి బయటికొచ్చే ఆల్టర్నేటర్ వైర్ల జాయింట్లు చూస్తే ఒకదాని ప్లాస్టిక్ తొడుగు కరిగి, లోపల పిన్ను నల్లబడి ఉంది. ఆ జాయింటు వేడెక్కి వేడెక్కి లూజైంది, లూజైన కొద్దీ ఇంకా వేడెక్కింది. మాడిన భాగం కోసేసి, కొత్త టెర్మినల్ గట్టిగా నొక్కి, టంకం పెట్టి, స్లీవ్ ఎక్కించాను. తర్వాత చూస్తే లైటు లేకుండా 14.1, లైటుతో 13.4.

ఇది ఒక దొంగ. రెండోది నిలబడి ఉన్నప్పుడు తినేది. సెలవుల తర్వాత హారన్ కూడా పలకలేదన్న మాట నా మనసులో ఉంది. తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, మీటర్‌ను మధ్యలో కలిపాను. మొదట పది ఆంపియర్ల రేంజ్‌లో పెట్టాలి, నేరుగా మిల్లీ ఆంపియర్లలో పెడితే మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోవచ్చు. ఈ బండిలో గడియారం లేదు, అలారం లేదు, ఈసీయూ (ఇంజను కంప్యూటర్) లేదు, కాబట్టి తాళం ఆఫ్‌లో ఉంటే సున్నా రావాలి. 30 మిల్లీ ఆంపియర్లు వచ్చింది. రెగ్యులేటర్ రెక్టిఫయర్ (ఆల్టర్నేటర్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చేది) సాకెట్ పీకగానే సున్నా. లోపల డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) ఒకటి కారుతోంది. 30 మిల్లీ ఆంపియర్లు అంటే ఏమీ కాదనిపిస్తుంది, రోజుకు 0.7 ఏహెచ్ చొప్పున లెక్కేస్తే 5 ఏహెచ్ బ్యాటరీ వారంలో పూర్తిగా ఖాళీ. అలా ఖాళీగా పడి ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత చార్జ్ పెట్టినా మొత్తం కరగదు. ముందటి రెండు బ్యాటరీలూ ఇలాగే పోయి ఉంటాయి, అమ్మిన కంపెనీల తప్పు నాకేమీ కనపడలేదు. రెక్టిఫయర్ కొత్తది వేశాను. ఈ కేసులో కొన్న సామాన్లలో కాస్త ఖరీదైనది అదొక్కటే, అయినా మొత్తం ఖర్చు ఇంకో బ్యాటరీ ధర దాకా పోలేదు.

ఇప్పుడు బ్యాటరీ. నీళ్ళు పోసే రకమే కాబట్టి హైడ్రోమీటర్‌తో (నీళ్ళతో పోలిస్తే యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూపించేది) లోపలి ఆరు సెల్లుల్లో ఒక్కోదాన్ని చూశాను. ఐదు సెల్లులు 1.200 దగ్గర, ఒకటి 1.140. నీళ్ళు రెండింటిలో ప్లేట్లు పైకి తేలేంత తక్కువ, డిస్టిల్డ్ వాటర్ పోశాను. దయచేసి బోరు నీళ్ళు, ఫిల్టర్ నీళ్ళు పోయకండి, యాసిడ్ అసలే పోయకండి. నీళ్ళు ఆవిరవుతాయి, యాసిడ్ ఆవిరి కాదు, మళ్ళీ యాసిడ్ పోస్తే ప్లేట్లు కాలిపోతాయి. మూతలు తీసి, గాలి తగిలే చోట, అర ఆంపియర్ మీద రాత్రంతా చార్జ్ పెట్టాను. 5 ఏహెచ్ బ్యాటరీకి పదో వంతు అంటే అంతే. కార్ల బ్యాటరీలు పెట్టే చార్జర్ మీద గంటలో నింపి ఇచ్చే చోట ఈ చిన్న బ్యాటరీలు ఉడికిపోతాయి. తెల్లారేసరికి ఐదు సెల్లులు 1.260కి వచ్చాయి, ఆ ఒక్కటి 1.210 దగ్గర ఆగిపోయింది. హెడ్‌లైట్ వేసి పది నిమిషాలు ఉంచితే వోల్టేజ్ 12 దగ్గర నిలబడింది. పూర్తి ఆరోగ్యం లేదు, కానీ పనికొస్తుంది. ఈ చలికాలం గడుస్తుంది, వచ్చే ఎండాకాలం దాటుతుందని మాటివ్వలేను అని సార్‌కు స్పష్టంగా చెప్పాను. ఆయన ఉంచేయమన్నారు.

కార్బురేటర్‌లో పని తక్కువే. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోల్ కంటే రెండింతలకు పైగా వేడి లాక్కుంటుంది, దానిలో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగ్ మీద మిక్స్చర్ కాస్త పల్చనవుతుంది. చల్లటి కాస్ట్ ఐరన్ ఇంజనుకు రెండూ ఇబ్బందే. ఎయిర్ స్క్రూ కొంచెం లోపలికి తిప్పి మిక్స్చర్ చిక్కబరిచాను. పాత రబ్బరు పెట్రోల్ పైపు వేలితో నొక్కితే మెత్తగా జిగురుగా ఉంది, మార్చాను.

సార్ కిక్ కొట్టే పద్ధతి బాగుంది, పాత కాలం మనిషి. కొత్తగా పాత బుల్లెట్లు కొంటున్న పిల్లల కోసం మాత్రం రాస్తున్నాను. చలిలో మొదట తాళం ఆఫ్‌లోనే ఉంచి, క్లచ్ పట్టుకుని ఒకటి రెండుసార్లు కిక్కర్ తొక్కండి, రాత్రంతా అతుక్కున్న క్లచ్ ప్లేట్లు విడిపోతాయి. పెట్రోల్ కాక్ తెరిచి కాసేపు ఆగండి. చోక్ లివర్ ఎత్తండి, యాక్సిలరేటర్ ముట్టకండి. ఈ కార్బురేటర్‌లో చోక్ అంటే వేరే చిన్న దారిలో పెట్రోల్ లాగడం, యాక్సిలరేటర్ తిప్పితే ఆ లాగుడు పోతుంది, చోక్ వేసినా వేయనట్టే. ఎంతమంది చోక్ ఎత్తి రేజ్ తిప్పుతూ కిక్ కొట్టి మోకాలు నొప్పి తెచ్చుకుంటారో! తాళం ఆన్ చేసి మెల్లగా కిక్కర్ తొక్కుతూ ఆంపియర్ మీటర్ చూడండి. పాయింట్లు మూసి ఉన్నంతసేపు ముల్లు మైనస్ వైపు ఉంటుంది, గట్టి ఒత్తిడి వచ్చే చోట అది మధ్యకు వచ్చేస్తుంది. అక్కడ డీకంప్రెసర్ (సిలిండర్‌లోని ఒత్తిడి వదిలే చిన్న లివర్) పట్టి కొంచెం ముందుకు జరిపి, వదిలి, కిక్కర్ పైకి రానిచ్చి, అప్పుడు నిండుగా ఒక్కటి. ముల్లు పనిచేయకపోతే ఈ సౌకర్యమంతా పోతుంది, అందుకే వణికే ముల్లును వదిలేయొద్దంటాను. నాలుగైదు కిక్కులకు లేవకపోతే ఇంకా చోక్‌తో కొట్టకండి, ప్లగ్గు తడిసిపోతుంది. చోక్ దించి, తాళం ఆఫ్ చేసి, రేజ్ పూర్తిగా తిప్పి పట్టుకుని కొన్ని కిక్కులు కొడితే లోపలి పచ్చి పెట్రోల్ బయటికి పోతుంది.

సంక్రాంతి సెలవుల్లో సార్ ఊరికి పోయారు, బండి హన్మకొండలోనే వారం దాకా కదలకుండా నిలబడింది. నాకు కావలసిన పరీక్ష అదే, బ్యాటరీ వైరు విప్పకుండా ఉంచమని ముందే అడిగాను. తిరిగొచ్చిన తెల్లారి నేను వెళ్ళి చూస్తే 12.5 వోల్టులు. చోక్‌తో రెండో కిక్కు. అప్పటి నుంచి నూకమని కాలనీ పిల్లలను పిలవలేదని చెప్పారు.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ సంగతి మళ్ళీ అడిగారు. పెట్టించుకోవచ్చు, పాయింట్ల గ్యాప్ చూసుకునే పని తప్పుతుంది, నేను వ్యతిరేకిని కాను. కానీ మార్కెట్లో దొరికే కిట్లలో చాలావరకు బ్యాటరీ కరెంటు మీదే నడుస్తాయి, వోల్టేజ్ బాగా పడిపోతే కొన్ని పనిచేయడమే మానేస్తాయి. డిసెంబర్‌లో ఈ బండికి అది పెట్టి ఉంటే మాడిన అదే స్విచ్ నుంచి అదే 9.5 వోల్టులు దానికీ అందేవి. పాయింట్లు కనీసం ఎమరీ పేపర్‌తో అడవి రోడ్డు పక్కన కూడా బాగుపడతాయి. ఇప్పటికి ఉంచుకోమన్నాను, ఒక జత కొత్త పాయింట్లు, ఒక కండెన్సర్ టూల్ బాక్సులో పెట్టుకోమన్నాను. హోలీ తర్వాత ఒకసారి బండి తెమ్మన్నాను, ఎండలు ముదరకముందే ఆ బలహీనమైన సెల్లు మళ్ళీ హైడ్రోమీటర్‌తో చూడాలి, 1.200 కంటే కిందికి వచ్చి ఉంటే అప్పుడు మార్చేద్దాం.